కుక్కపిల్ల కన్ను ఎర్రబడితే



కండ్లకలకకు మన వైపు ఒక ఊరి పేరే పెట్టేశారు. "మద్రాసు ఐ వచ్చింది" అంటాం. 1918లో మద్రాసు నగరంలో ఆ జబ్బును గుర్తించడం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇంట్లో ఒకరికి వస్తే నలుగురికీ అంటుకుంటుంది. మందుల షాపు నుంచి ఒక చుక్కల సీసా వస్తుంది. నాలుగు రోజుల్లో కళ్లు తేటపడతాయి. సగం మిగిలిన సీసా గూట్లో ఉండిపోతుంది. నెల తిరిగాక పెరట్లో కుక్కపిల్ల కన్ను ఎర్రబడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "ఆ సీసా ఉందిగా, రెండు చుక్కలు వేసేయండి."

మింజూరు, పొన్నేరి, గుమ్మిడిపూండి, తిరువళ్లూరు, తిరుత్తణి వైపున ఉన్న మన ఇళ్లలో కుక్కో, పిల్లో, రెండు మేకలో లేని ఇల్లు అరుదు. వాటి కళ్లకు వచ్చే జబ్బులను ఎలా గుర్తు పట్టాలి, ఇంట్లో ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు అన్నది ఈ పూట చెప్పుకుందాం. ముందుగా ఒక్క మాట. గూట్లో మిగిలిన ఆ సీసా కుక్కపిల్లకు మందు కావచ్చు, కన్ను పోవడానికి కారణమూ కావచ్చు. ఏది అవుతుందో బయటి నుంచి చూసి చెప్పలేం. ఎందుకు చెప్పలేమో తెలియాలంటే కన్ను ఎలా ఉంటుందో కొంచెం తెలుసుకోవాలి.

కంటి ముందు భాగంలో, నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. వైద్యులు దాన్ని కార్నియా అంటారు. మనం గాజుపొర అనుకుందాం. కుక్కకు ఈ పొర మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. అంటే గోటి మందం కంటే పెద్ద ఎక్కువేమీ కాదు. ఇందులో రక్తనాళాలు ఉండవు కాబట్టే అది గాజులా తేటగా ఉంటుంది. నొప్పి తెలిసే నరాలు మాత్రం చాలా దట్టంగా ఉంటాయి. అందుకే చిన్న గీత పడినా జంతువు కన్ను తెరవలేదు. ఈ గాజుపొరకూ రెప్పల లోపలి తట్టుకూ తడి అందిస్తూ, దుమ్ము కడిగేస్తూ ఉండేవి కన్నీళ్లు. ఇవి కాక కుక్కలకు, పిల్లులకు, పశువులకు ముక్కు వైపు మూలలో మూడో రెప్ప ఒకటి ఉంటుంది. కన్ను నొప్పి పెట్టినప్పుడు అది సగం దాకా పైకి వస్తుంది. చూసినవాళ్లు కంట్లో తెల్లటి తెర కమ్మిందని కంగారు పడతారు. నిజానికి అది తెర కాదు, నొప్పికి గుర్తు.

ఇక జబ్బును గుర్తు పట్టే విధానం. వెలుతురున్న చోట జంతువును కూర్చోబెట్టి, తొందరపడకుండా అయిదు సంగతులు చూడండి.

మొదటిది, ఒక కంటికే ఉందా, రెండు కళ్లకూ ఉందా? ఒక్క కంటికే వస్తే దెబ్బో, గడ్డి ముల్లో, నలకో, పిల్లి గోరో అని ముందుగా అనుమానించాలి. రెండు కళ్లకూ ఒకేసారి వస్తే దుమ్ము, పొగ, పడని పదార్థం, కన్నీళ్లు ఎండిపోవడం, లేదా ఒళ్లంతా పట్టిన జ్వరం అయి ఉండవచ్చు.

రెండోది, కంటి నుంచి ఏమి కారుతోంది? నీళ్లలా పలచగా కారితే రాపిడి, దుమ్ము, వైరసు తొలి దశ కావచ్చు. పసుపుపచ్చగా, ఆకుపచ్చగా, చిక్కగా పుసులు కడితే సూక్ష్మజీవులు చేరాయని అర్థం. జిగురులా తీగ సాగుతూ, తుడిచిన కొద్దీ మళ్లీ చేరుతూ, కన్ను కాంతి లేకుండా ఉంటే కన్నీళ్లు తగ్గిపోయాయేమో చూడాలి.

మూడోది, కన్ను తెరిచి ఉంచుతోందా, మూసుకుంటోందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం. మామూలు కండ్లకలకలో కన్ను ఎర్రగా ఉన్నా జంతువు చాలావరకు తెరిచే ఉంచుతుంది. కన్ను చికిలించుకుని, వెలుతురు నుంచి ముఖం తిప్పుకుని, కాలితో గీరుకుంటూ, నేలకేసి రుద్దుకుంటూ ఉంటే గాజుపొర మీద పుండో, కంటి లోపల వాపో ఉండే అవకాశం ఎక్కువ.

నాలుగోది, రంగు. గాజుపొర పొగ పట్టిన అద్దంలా నీలంగానో తెల్లగానో మారిందా? మన పల్లెల్లో కంట్లో పువ్వు పూసింది అంటారే, అది మానిన పుండు మచ్చ కావచ్చు, మానని పుండూ కావచ్చు. రెండింటికీ చికిత్స వేరు.

అయిదోది, చూపు. కుక్కకు ఎదురుగా కొంచెం పైనుంచి చిన్న దూది ఉండను జారవిడవండి. దూది పడితే చప్పుడు కాదు, గాలి తగలదు. కనిపిస్తే కుక్క తల అటు తిప్పుతుంది. రెండు మూడుసార్లు చేసినా తిప్పకపోతే చూపు తగ్గిందని అనుమానించాలి.

ఇప్పుడు సీసా సంగతికి వద్దాం. కంటి చుక్కల మందుల్లో చాలావాటిలో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి సూక్ష్మజీవులను చంపేది. రెండోది ఎరుపునూ వాపునూ తగ్గించే స్టెరాయిడ్. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అనే మాటలు కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉందన్న మాట. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. పుండు లేని కంటికి, వైద్యుడు చూసి ఇస్తే చూపును కాపాడుతుంది. కానీ గాజుపొర మీద పుండు ఉన్నప్పుడు అదే మందు పుండు మానకుండా అడ్డుపడుతుంది, సూక్ష్మజీవులతో పోరాడే శక్తిని అణుస్తుంది, గాజుపొరను కరిగించే పదార్థాలకు బలమిస్తుంది. పైగా మొదటి రోజు ఎరుపు తగ్గి, కన్ను బాగుపడినట్టే కనిపిస్తుంది. ఆ ధైర్యంతో మరో రెండు రోజులు వేస్తాం. అర మిల్లీమీటరు పొర ఈలోగా చిల్లు పడితే కంటి లోపలి నీరు బయటికి వచ్చేస్తుంది. అప్పుడు ఆపరేషను చేసినా చాలా కళ్లకు చూపు దక్కదు. కొన్నిసార్లు కన్నే తీసేయవలసి వస్తుంది.

పుండు ఉన్నదీ లేనిదీ మన కంటికి కనిపించదు. వైద్యుడికి కూడా ఉత్త చూపుతో చాలాసార్లు కనిపించదు. అందుకే ఫ్లోరెసీన్ అనే రంగు అద్దిన చిన్న కాగితం పట్టీని తడిపి కంటికి తాకిస్తారు. తర్వాత నీటితో కడుగుతారు. పుండు ఉన్న చోట మాత్రం రంగు నిలిచి, నీలి వెలుగులో చూస్తే పచ్చగా మెరుస్తుంది. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, నొప్పి ఉండదు, ఖర్చూ తక్కువే. కాబట్టి వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు, "అయ్యా, పుండు ఉందేమో రంగు వేసి చూస్తారా?" అని అడగడానికి మొహమాట పడకండి. ఈ పూట నేను చెప్పినవాటిలో ఈ ఒక్క ప్రశ్న గుర్తున్నా చాలు.

పుండు పైపైన ఉంటే యాంటీబయాటిక్ చుక్కలతో, గీరుకోకుండా మెడకు పట్టీ కడితే సాధారణంగా వారంలోపే మానుతుంది. వారం దాటినా మానలేదంటే లోపల మరేదో కారణం ఉంది. రెప్ప లోపలికి ముడుచుకుని వెంట్రుకలు గీసుకుంటూ ఉండవచ్చు. మూడో రెప్ప వెనకాల గడ్డి నుసి ఇరుక్కుని ఉండవచ్చు. కన్నీళ్లు చాలక ఉండవచ్చు. ఆ కారణం తీసేయకుండా చుక్కలు మార్చుకుంటూ పోతే ప్రయోజనం లేదు.

కన్నీళ్లు చాలకపోవడాన్ని కొలవడానికీ ఒక తేలిక పరీక్ష ఉంది. ఒక కాగితం పట్టీని కింది రెప్పలో ఒక నిమిషం ఉంచుతారు. కుక్కకు పట్టీ 15 మిల్లీమీటర్లకు మించి తడిస్తే మంచిదే. 10కి లోపు ఉంటే పొడికన్ను జబ్బని అనుమానిస్తారు. దీన్ని మామూలు కండ్లకలక అనుకుని నెలల తరబడి పుసులు తుడుస్తూ ఉండేవారున్నారు. సైక్లోస్పోరిన్ అనే లేపనం వాడితే చాలా కుక్కలకు కన్నీళ్లు మళ్లీ ఊరుతాయి. అయితే చాలాసార్లు ఇది జీవితాంతం వాడవలసిన మందు.

ముఖం నొక్కుకుపోయి కళ్లు బయటికి ఉబికి ఉండే పగ్, షిట్జు, పెకినీస్ జాతి కుక్కలను ఈ మధ్య మన చిన్న ఊళ్లలో కూడా పెంచుతున్నారు. వాటి రెప్పలు కన్నును పూర్తిగా మూయవు. అందువల్ల పుండ్లు తొందరగా పడతాయి. మెడ పట్టుకుని గట్టిగా లాగినా, మరో కుక్క కరిచినా కనుగుడ్డు బయటికి వచ్చేయవచ్చు. అలా జరిగితే లోపలికి నెట్టే ప్రయత్నం చేయకండి. శుభ్రమైన గుడ్డను ఉప్పునీటిలో తడిపి కంటిమీద కప్పి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఇక్కడ గంటలు కాదు, నిమిషాలే లెక్క.

కొన్నిసార్లు జబ్బు కంటిలో పుట్టదు, ఒంట్లో పుట్టి కంట్లో కనిపిస్తుంది. టీకాలు వేయని కుక్కపిల్లకు రెండు కళ్లనుంచీ, ముక్కునుంచీ చిక్కటి చీము కారుతూ, జ్వరం, దగ్గు, విరేచనాలు ఉంటే డిస్టెంపర్ కావచ్చు. కొన్నాళ్లకు తల అదరడం, కాళ్లు కొట్టుకోవడం మొదలైతే బతకడం కష్టం. దీనికి మందు కంటే టీకాయే రక్ష. పిల్ల పుట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటి టీకా, ఆపైన మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున పదహారు వారాల వయసు దాకా, తర్వాత వైద్యుడు చెప్పిన గడువులో వేయించాలి. ఇక పిడుదులు, అదే గోమార్లు, అంటించే ఎర్లిచియా జ్వరం. మన ఉక్క వాతావరణంలో గోమార్లకు కొదవ లేదు. ఈ జ్వరంలో కంటి లోపల వాపు వస్తుంది, రక్తం చేరుతుంది, హఠాత్తుగా చూపు పోతుంది. పైకి చుక్కలు వేస్తే చాలదు. రక్తపరీక్ష చేయించి, డాక్సీసైక్లిన్ మాత్రలు సుమారు నాలుగు వారాలు మానకుండా ఇవ్వాలి. కుక్క వారానికే హుషారుగా తిరుగుతోంది కదా అని మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

కన్ను ఎర్రబడి, నీలంగా మారి, గుడ్డు పెద్దదైనట్టు కనిపించి, కుక్క తిండి మానేసి తల వంచుకు కూర్చుంటే అది నీటికాసులు కావచ్చు. కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు ఇది. ఒకటి రెండు రోజుల్లోనే చూపు శాశ్వతంగా పోతుంది. రేపు చూద్దాం అనుకోవలసిన జబ్బు కాదు.

పిల్లుల సంగతి కొంచెం వేరు. తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల నిండా పుసులు - ఈ మూడూ కలిసి వస్తే హెర్పిస్ వైరసో, కాలిసి వైరసో, క్లమీడియా అనే సూక్ష్మజీవో కారణం కావచ్చు. ఈ హెర్పిస్ పిల్లులకు వచ్చేది, మనుషులకు అంటదు. కానీ అది పిల్లి గాజుపొర మీద పుండ్లు వేస్తుంది కాబట్టి ఇక్కడ స్టెరాయిడ్ చుక్క మరీ ప్రమాదం. క్లమీడియా మాత్రం అరుదుగానైనా మనుషుల కంటికి చేరవచ్చు. పుసులు తుడిచాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంకా కళ్లు తెరవని పసికూన రెప్పల వెనక ఉబ్బుగా కనిపిస్తే లోపల చీము చేరిందన్న మాట. కళ్లు తెరిచే రోజు దాకా ఆగకూడదు. గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో మెల్లగా నానబెడితే రెప్పలు విడతాయి. విడకపోతే లాగకండి, వైద్యుడికి చూపించండి.

పెరట్లోని మేకల్లో కండ్లకలక మందంతా పాకుతుంది. ఈగలు, ఒకే తొట్టిలో తలలు పెట్టి తినడం దీనికి దారి. జబ్బు పడ్డ మేకను వేరుగా, నీడలో కట్టేయండి. మేత, నీళ్లు దగ్గరగా పెట్టండి, చూపు మందగించిన మేక వెతుక్కోలేదు. ఆక్సీటెట్రాసైక్లిన్ మందు దీనికి బాగా పనిచేస్తుంది, మోతాదు పశువైద్యుడు చెప్పాలి. అయితే కళ్లతో పాటు ముక్కు కారుతూ, నోట్లో పుండ్లు, పారుడు కూడా ఉంటే అది వట్టి కండ్లకలక కాదు. పి.పి.ఆర్. అనే మేకల పారుడు జబ్బు అయి ఉండవచ్చు. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పాలి. ఎడ్లలో, ఆవుల్లో కంటినీరు ఆగకుండా కారితే రెప్ప కింద సన్నటి తెల్లని పురుగులు తిరుగుతున్నాయేమో వైద్యుడు చూస్తారు. వీటినీ ఈగలే మోస్తాయి. పేడకుప్ప దూరంగా ఉంచి, కొట్టం పొడిగా ఉంచుకుంటే సగం కంటి జబ్బులు రావు.

ఇక ఇంట్లో చేయవలసినవి. కన్ను కడగడానికి మందుల షాపులో దొరికే సెలైన్ చాలు. అది లేకపోతే అర లీటరు నీటిని మరగకాచి, చిన్న చెంచాకు కాస్త తక్కువగా ఉప్పు కలిపి చల్లార్చుకోండి. ఏ రోజుకారోజు కొత్తగా చేసుకోండి. దూదిని ముంచి ముక్కు వైపు నుంచి చెవి వైపుకు తుడవండి. ఒక కంటికి వాడిన దూది మరో కంటికి తగలనివ్వకండి. ఎండిన పుసులను గీకవద్దు, నానబెట్టి తీయండి. జంతువు గీరుకోకుండా మెడకు గరాటులాంటి పట్టీ వేయించండి. అది లేకుండా ఎంత ఖరీదైన మందు వేసినా ఒక్క గోటి గీతతో వృథా అవుతుంది.

చుక్కలు వేసేటప్పుడు ఎదురుగా వెళ్లకండి, జంతువు బెదురుతుంది. వెనక నుంచి పట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, పైనుంచి చుక్క వేయండి. సీసా మొన కంటికి తగలకూడదు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగండి. లేపనం ఉంటే అది చివర. మూత తీసి నెల దాటిన సీసాను పారేయండి. ఇలా పారేస్తే గూట్లో సీసా సమస్య కూడా తీరిపోతుంది.

చేయకూడనివి కూడా చెప్పుకోవాలి. ఎద్దు కంట్లో పువ్వు పూస్తే పొగాకు, ఉప్పు కలిపి నమిలి కంట్లో ఉమ్మే అలవాటు మన పల్లెల్లో ఉండేది, కొన్ని చోట్ల ఇంకా ఉంది. పెద్దలు చెడుతలపుతో చేసిన పని కాదు, వారికి అందుబాటులో ఉన్నది అదే. కానీ ఆ ఘాటుకు పుండు ఇంకా లోతవుతుంది, నోటిలోని సూక్ష్మజీవులు పుండులో చేరతాయి. పాలు, ఆకు పసర్లు, నిమ్మరసం, పటిక నీళ్లు - ఇవేవీ కంట్లో పోయకండి. నొప్పి తగ్గుతుందని మనం వేసుకునే మాత్రలు ఇవ్వకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఇబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కుక్కల కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

పండుగ ముందు ఇంటికి వెల్ల వేసేటప్పుడు సున్నపు నీళ్లు కుక్క కంట్లో పడడం జరుగుతూ ఉంటుంది. సున్నం గాజుపొరను లోపలి దాకా కాల్చేస్తుంది. అప్పుడు ఉప్పునీళ్ల కోసం వెతకకండి. దగ్గరలో ఉన్న మంచినీటితో అక్కడికక్కడే కనీసం ఇరవై నిమిషాలు ధారగా కడగండి. ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరండి.

ఒక హెచ్చరిక. తెలియని వీధికుక్క ముఖం వంకరపోయి, నోరు మూయలేక చొంగ కారుస్తూ, ప్రవర్తన మారి కనిపిస్తే జాలిపడి దాని కళ్లు తుడవడానికి వెళ్లకండి. అది రేబిస్ కావచ్చు. ఆ చొంగ మీ కంట్లోనో, గాయం మీదో పడితే వెంటనే బాగా కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో టీకా వేయించుకోండి.

ఎక్కడికి వెళ్లాలి? మొదట మీ దగ్గరలోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి. పశువులకు, మేకలకు కదల్లేని స్థితి ఉంటే 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. తమిళనాడులోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ సంచార పశువైద్య వాహనానికి ఇదే నంబరు. పుండు లోతుగా ఉన్నా, ఆపరేషను అవసరమైనా చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల బోధనాసుపత్రి ఉంది. 1903లో మొదలైన కళాశాల అది. మింజూరు నుంచి సెంట్రల్ స్టేషను మీదుగా వెళ్లేవారికి వేపేరి దగ్గరే. తిరుత్తణి, నగరి వైపు వారికి తిరుపతి పశువైద్య కళాశాల కూడా అందుబాటులో ఉంది. అది 1955లో ఏర్పడింది. వెళ్లేటప్పుడు అంతవరకూ వాడిన సీసాలన్నీ వెంట తీసుకువెళ్లండి. ఏది వేశారో దాచకుండా చెప్పండి. వైద్యుడు కోప్పడతాడని దాస్తే నష్టపోయేది నోరులేని జంతువే.

ఏవి ఆ రోజే చూపించాలి, ఏవి ఒక రోజు ఆగవచ్చు అన్నది గుర్తు పెట్టుకోండి. కన్ను ఎర్రగా ఉన్నా తెరిచి ఉంచి, పలచగా నీరు మాత్రమే కారుతూ, తిండి మామూలుగా తింటూ ఉంటే కడుగుతూ ఒక రోజు చూడవచ్చు. మర్నాటికి తగ్గకపోతే వెళ్లాలి. కన్ను మూసుకుపోయినా, గాజుపొర నీలంగా తెల్లగా మారినా, రక్తం కనిపించినా, గుడ్డు ఉబికినా, చూపు తగ్గినా, ముల్లు గుచ్చుకుని ఉన్నా ఆ రోజే వెళ్లాలి. గుచ్చుకున్న ముల్లును మీరు పీకకండి. అది అడ్డుగా ఉండి లోపలి నీటిని ఆపుతూ ఉండవచ్చు.

మనిషికి కన్ను నొప్పి పెడితే ఎక్కడ నొప్పో, ఎప్పటి నుంచో చెప్పుకుంటాడు. కుక్కా పిల్లీ మేకా చెప్పలేవు. కన్ను మూసుకోవడమే అవి చెప్పే మాట. ఆ మాట విన్న వెంటనే గూట్లో సీసా వైపు కాకుండా ఆసుపత్రి వైపు నడవండి. వెళ్లాక ఆ రంగు పరీక్ష అడగడం మరిచిపోకండి.